గోరు మీద తెల్ల గీత

పోయిన వారం మనం ద్వాళిని ఎర్రబోడు చావడి స్తంభానికి కట్టేసి ఉన్నచోటే వదిలేసి వచ్చాం. ఆమెను వెంటనే విప్పించమని కోప్పడుతూ రాసిన పాఠకులకు నా దండం. విప్పాలని నాకూ ఉంది. కానీ ఆ పని సుదర్శన్ చేయాలి, అదీ ఇవాళ పొద్దుగూకేలోపే చేయాలి.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లకు సంగతి చెబుతాను. ఇది 1973 జూన్ నెల. జనగామ నుంచి నర్మెట్టకు పోయే తొవ్వలో, నర్మెట్టకు ఇవతలే, ఎర్రబోడు. ఆ ఊరి దొర జగపతిరావు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సుదర్శన్. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడితే హనుమకొండ నుంచి ఇంటికొచ్చినవాడు మళ్లీ చదువు జోలికి పోలేదు. వ్యవసాయం చూసుకుంటూ, సాయంత్రాలు రోడ్డు పక్క మైదానంలో వాలీబాల్ ఆడుకుంటూ హాయిగా ఉన్నాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన పెడితే దువ్వెనకు, పడుకుంటే దిండుకు, చెయ్యి పెడితే చేతికి. ఊళ్లో ఇంకొందరు పడుచు పోరగాళ్లకూ అదే గతి పట్టింది. ముసలివాళ్లు బాగానే ఉన్నారు, ఆడవాళ్లు బాగానే ఉన్నారు, చిన్నపిల్లలు బాగానే ఉన్నారు. వయసు కుర్రాళ్లను ఏరుకుని మరీ పట్టిన ఈ రోగం ఏమిటో ఎవరికీ అంతుచిక్కలేదు.

అంతుచిక్కనప్పుడు ఊరికి దొరికే జవాబు ఒక్కటే. బాణామతి! ఎవరు చేశారని వెతకడానికి కూడా కష్టపడలేదు. ఎండాకాలం మొదట్లో పక్క లంబాడి తండా నుంచి ద్వాళి మేకలు దొర చేనులో పడ్డాయని జగపతిరావు వాటిని బందెలదొడ్డిలో పెట్టించాడు. రెండు మేకలు దాహంతో చచ్చిపోయాయి. ద్వాళి దొర వాకిట్లో కొప్పు విప్పి, దుమ్మెత్తి పోసి, "నీ ఇంట్ల నెత్తి దువ్వుకునేటోడు మిగలొద్దు" అని అరిచింది. ఆ మాట ఊరంతా విన్నది. కొడుకు నెత్తి చూసినప్పుడల్లా దొరకు ఆ మాటే గుర్తొచ్చింది. పొద్దుగూకేసరికి పంచాయితీ ముగించి, ఆమె పళ్లు రాలగొట్టించి, పొలిమేర దాటిస్తానని చాటింపు వేయించాడు.

ద్వాళి కొడుకు తావుర్యా వాలీబాల్ మైదానంలో సుదర్శన్‌కు జోడీ. అతను పొద్దున్నే వచ్చి సుదర్శన్ ముందు నిలబడి ఒక్కటే అడిగాడు. "అన్నా, జనగామల డాక్టరమ్మకు నీ తల చూపియ్యి. గిది మందుకు తగ్గే రోగమని ఒక్క మాట చెప్పియ్యి. మా యాడిని, మా అమ్మను బతికియ్యి." ఇద్దరూ మోటారు సైకిలెక్కి జనగామ దారి పట్టారు. అక్కడి నుంచి ఈ వారం కథ.

రైల్వే గేటుకు కొంచెం ఎడంగా ఒక పెంకుటింటి ముందు గదిలో డాక్టర్ అరుంధతి దవాఖాన. కాజీపేటలో పుట్టి, హైదరాబాదులో చదివి, జనగామలో స్థిరపడిన మనిషి. పురుళ్లు ఎక్కువగా పోస్తుంది, తిట్లు అంతకంటే ఎక్కువగా పెడుతుంది. అయినా ఆమె దగ్గరికి జనం ఎందుకు విరగబడి వస్తారో ఆ పూట సుదర్శన్‌కు తెలిసింది.

"నెత్తి మీది రుమాలు తీయి. నేను రుమాలుకు మందియ్య," అన్నది ఆమె.

సుదర్శన్ సిగ్గుతో రుమాలు విప్పాడు. తావుర్యా తలపాగా చుట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాడు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని తలంతా వేళ్లతో వెతికింది. అక్కడక్కడా చర్మం కాలినట్టు ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఇదెవరి వైద్యం?"

"మా అమ్మ గురిగింజలు నూరి పూసిందమ్మా. పేనుకొరుకుడు అనుకున్నం."

"పేనుకొరుకుడైతే రూపాయి బిళ్ళంత గుండ్రంగ, నున్నగ పోతది. నీది తలంత పలచబడ్డది. గురిగింజ విషమయ్యా. పుండు మీద విషం పెట్టుకునే తెలివి ఎవరిచ్చిండ్రు మీకు?" అని కసిరి, మళ్లీ నెమ్మదిగా అడిగింది. "మీ బాపుకు బట్టతల ఉన్నదా?"

"లేదమ్మా. మస్తు జుట్టున్నది."

"మేనమామలకు?"

"వాళ్లకు గూడ ఉన్నది."

"వంశంలకెంచి వచ్చే బట్టతల దొంగలెక్క వస్తది. కణతల కాడ కొంచెం, నడినెత్తిన కొంచెం, ఏండ్లకేండ్లు తింటది. మగోళ్ల ఒంట్ల ఊరే రసాలే దానికి కారణం. గిట్ల ఒక్క ఎండాకాలంల ఊడ్చుకపోదు." ఆమె అతని కింది కనురెప్ప లాగి చూసింది. "నెత్తురు జర తక్కువున్నది గని, గింతగనం ఊడేటంత తక్కువ లేదు." గొంతు తడిమి, గుటక మింగమంది. "గొంతుల గ్రంథి వాయలేదు. చలికాలంల గని, మొన్న శివరాత్రికి గని, పెద్ద జ్వరమేమన్న వచ్చిందా? పదిహేను రోజులు మంచం పట్టే అసుంటి జ్వరం?"

"జ్వరం ఇప్పుడు రాలేదు గదమ్మా, ఊడుడు ఇప్పుడు గద?"

అరుంధతి మొదటిసారి నవ్వింది. "అక్కడనే అందరు తప్పుపోతరు. నెత్తి మీద లక్ష దాకా వెంట్రుకలుంటయి. ఒక్కొక్కటి కొన్నేండ్లు పెరుగుతది, రెండు మూడు నెలలు ఊకుంటది, రాలిపోతది. మళ్ల అదే గుంటల కొత్తది మొలుస్తది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే, అది జ్వరం గానీ, ఆకలి గానీ, గుండె పగిలే దుఃఖం గానీ, వేల వెంట్రుకలు ఒక్కపాలి పెరుగుడు బంద్ పెడ్తయి. కానీ వెంటనే రాలయి. రెండు మూడు నెలలు అట్లనే నిలబడి, అప్పుడు రాలుతయి. దెబ్బ మనం మర్చిపోయినంక వెంట్రుక యాది చేస్తది."

సుదర్శన్ నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్లుగా నూనె రాసి, దువ్వి, అద్దంలో చూసి మురిసిపోయిన జుట్టు తన బతుకంతా గుర్తుపెట్టుకుంటోందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఉద్యమం రోజుల్లో లాకప్‌లో తిండి లేకుండా పడి ఉన్నప్పుడు కూడా ఇది లోపల తన లెక్క తాను చూసుకుంటూ ఉందన్నమాట. తన ఒళ్లు తనకు కొత్త మనిషిలా కనిపించింది.

డాక్టరమ్మ అతని నెత్తి మీద నుంచి రెండు వెంట్రుకలు చటుక్కున పీకింది. కిటికీ పక్కన బల్ల మీద ఇత్తడి గొట్టం ఉన్న మైక్రోస్కోపు ఉంది. వెంట్రుకను గాజుపలక మీద పెట్టి, చాలాసేపు చూసి, అతన్ని రమ్మంది.

"ఒక కన్ను మూసుకుని చూడు."

సుదర్శన్ వంగి చూశాడు. మొదట వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె మర తిప్పింది. అంతే, ఒక పెద్ద తాటిమొద్దు కళ్ల ముందుకొచ్చి నిలబడింది. దాని మీద పొలుసులు పొలుసులుగా బెరడు. అది తన వెంట్రుకే అని నమ్మడానికి అతనికి కాసేపు పట్టింది. ఇంత పని, ఇంత చక్కదనం, ఎవరికీ కనిపించని చోట, ప్రతి వెంట్రుకకూ విడివిడిగా! అతనికి ఎందుకో దండం పెట్టాలనిపించింది.

"కిందికి చూడు, వేరు కాడ," అన్నది అరుంధతి. "మంచిగ బతికి రాలిన వెంట్రుకకు వేరు ఉబ్బెత్తుగ, తెల్లగ ఉంటది. నీది చూసినవా? చెక్కిన పెన్సిల్ మొన తీరు సన్నబడ్డది. ఇది ఊకుండి రాలలేదు. పెరుగుతుంటె పెరుగుతుంటెనే నడుమల ఎవరో గొంతు పిసికిండ్రు."

ఆ మాటకు సుదర్శన్ ఉలిక్కిపడి గొట్టం నుంచి తల ఎత్తాడు. బల్లను పట్టుకున్న అతని చేతి మీద కిటికీ ఎండ పడింది. డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, లాక్కుంది, ఎండలోకి తిప్పింది. ఆమె ముఖంలో కసురు మాయమైంది.

ప్రతి గోటి మీదా అడ్డంగా ఒక తెల్లని గీత ఉంది. బొటనవేలి మీద ఉంది, చూపుడువేలి మీద ఉంది, చిటికెనవేలి మీద కూడా ఉంది. సున్నపు వేలితో గీసినట్టుగా, ఈ చివర నుంచి ఆ చివరకు. సుదర్శన్ రోజూ చూసే చేతులే. ఏనాడూ కంటికి ఆనలేదు.

"అరికాళ్లు మండుతున్నయా?"

"మండుతయమ్మా. చీమలు పాకినట్టుంటది. మీకెట్ల తెలిసింది?"

"కడుపుల తిప్పుడు?"

"పోయిన నెలంత."

ఆమె అతని గోటి మీద తన గోరు ఆనించింది. "గోరు మొదట్లకెంచి కొసకు రావాలంటె ఐదారు నెలలు పడ్తది. నీ గీత సగం కాడికి వచ్చింది. అంటే ఉగాదికి అటో ఇటో నీ ఒంట్లకు ఒకటి పోయింది. ఆ దినం గోరు దాని మీద గుర్తు పెట్టుకున్నది. పెరుగుకుంట పెరుగుకుంట దాన్ని నాకు చూపిద్దామని ఇంతదాక మోసుకొచ్చింది."

సుదర్శన్ తన పది వేళ్లూ ముఖం ముందు పెట్టుకుని చూసుకున్నాడు. ఒళ్లు జలదరించింది. భయంతో కాదు. తనకు తెలియకుండా తన ఒళ్లు తన కోసం సాక్ష్యం దాచి ఉంచిందంటే, ఆ దయకు ఏం పేరు పెట్టాలో అతనికి తెలియలేదు.

"ఏం పోయిందమ్మా నా ఒంట్లకు?"

"హైదరాబాద్‌ల పరీక్ష చేయిస్తె గని ఖాయంగ చెప్పరాదు. కానీ నా అనుమానం పాషాణం. తెల్ల పాషాణం."

విషం! గడప దగ్గర నిలబడ్డ తావుర్యా ముఖం పాలిపోయింది. పాపం, అతను దవాఖానకు తెచ్చింది తల్లిని విడిపించే మాట కోసం. దొరికింది ఆమెను ఉరికంబం ఎక్కించే మాట. మంత్రం పెట్టిందన్నవాళ్లు ఇప్పుడు మందు పెట్టిందంటారు. సుదర్శన్ కూడా అతని వైపు చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ చూపులో అనుమానం ఉంది. తావుర్యా దాన్ని పట్టుకున్నాడు.

అతను గదిలోకి వచ్చాడు. రెండు చేతులతో తలపాగా విప్పాడు. ఎర్రగుడ్డ మడతలు మడతలుగా నేల మీద పడింది. దాని కింద తావుర్యా నెత్తి సుదర్శన్ నెత్తి కంటే అన్యాయంగా ఉంది.

"నాది గూడ చూడు డాక్టరమ్మా," అన్నాడు. "దొర కొడుకుకు నవ్వులాట అయితదని గాదు, మా యాడి చూస్తె ఏడుస్తదని దాచిన. ఆమె పెడ్తె, నాకు గూడ పెట్టిందా?"

అరుంధతి అతని చేయి పట్టుకుని ఎండలోకి తెచ్చింది. సుదర్శన్ చేతిని కూడా లాగి పక్కన పెట్టింది. ఒకటి తెల్లని చేయి, ఒకటి నల్లని చేయి. గీతలు మాత్రం ఒక్కటే. అదే వెడల్పు, అదే ఎత్తు. ముగ్గురూ ఆ రెండు చేతుల మీదికి వంగారు.

ముందుగా డాక్టరమ్మే తేరుకుంది. "మీరిద్దరు ఒక్క కాడ తింటరా?"

"లేదమ్మా."

"ఒక్క బాయి నీళ్లు తాగుతరా?"

"మా బాయి వేరే, తండ బాయి వేరే," అన్నాడు సుదర్శన్.

"చేనుకు మందు కొడ్తరా ఇద్దరు?"

"నేను కొడ్త, అన్న కొట్టడు," అన్నాడు తావుర్యా.

"మరి ఇద్దరు కలిసేదెక్కడ?"

"వాలీబాల్ ఆడుతం. రోడ్డు పక్కన. రోజు పొద్దుమీకిదాక." ఆటయ్యాక కుర్రాళ్లందరూ వగరుస్తూ ఎక్కడికి పరుగెత్తుతారో సుదర్శన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

మైదానం పక్కనే చలివేంద్రం. ప్రతి ఎండాకాలం జగపతిరావు తన తండ్రి పేరు మీద పెట్టించేదే. అందరూ మట్టికుండలు పెడతారు. కుండలు పగులుతున్నాయి, దొర హోదాకు చాలడం లేదు. అందుకని ఈ ఉగాదికి ఆయన హైదరాబాద్ వేలంపాటలో ఒక పెద్ద ఇనుప డ్రమ్ము కొని తెచ్చాడు. నీలిరంగు వేయించి, 'కీర్తిశేషులు నర్సింహారావు దొరవారి చలివేంద్రం' అని రాయించాడు. ఆడవాళ్లు నడిరోడ్డు మీద దోసిలి పట్టరు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఎండలో అంత దూరం రారు. దారిన పోయేవాళ్లు ఒక్క పూట తాగి పోతారు. నీళ్లు పోసే బిక్షపతి దాహానికి కల్లు తప్ప ఏదీ పనికిరాదు. రోజూ, కడుపునిండా, ఎండాకాలమంతా తాగింది వాలీబాల్ ఆడే కుర్రాళ్లే.

"ఆ డ్రమ్ముల అంతకుముందు ఏముండె?" అని అడిగింది అరుంధతి.

"తెల్వదమ్మా. ఇంగ్లీషు అక్షరాలు చెరిగిపోయినయి. అడుగున తెల్లగ పొర పేరుకుని ఉండె. బిక్షపతి గీకుతనంటె బాపే వద్దన్నడు. సున్నమేనట. బాయిల సున్నం పోస్తె నీళ్లు తేటపడ్తయి గద, మంచిదే ఉండనియ్యి అన్నడు."

డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. "గడ్డి సంపే మందు గసుంటి డ్రమ్ములల్లనే వస్తది నాయినా. పాషాణం కలుపుతరు దాంట్ల. ముందుగాల పోయి ఆ నీళ్లు బంద్ చేయుండ్రి. సీసల పోసి నాకు పంపుండ్రి. దీనికి సూదిమందున్నది, హైదరాబాద్ నుంచి తెప్పిస్త. భయపడకుండ్రి. వేరు బతికే ఉన్నది, జుట్టు మళ్ల వస్తది."

ఆ చివరి మాట పొద్దున విని ఉంటే సుదర్శన్ ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు అది చెవికెక్కనే లేదు. ద్వాళిని విడిపించాలంటే చచ్చిపోయిన తాత పేరు, బతికున్న తండ్రి పరువు, రెండింటినీ చావడిలో నిలబెట్టాలి. తండ్రి ముందు గొంతెత్తి మాట్లాడినవాడు కాడు అతను. లాకప్‌లో పోలీసులకు భయపడలేదు గానీ, ఇంట్లో తండ్రి దగ్గితే లేచి నిలబడతాడు.

వాళ్లు ఎర్రబోడు చేరి, చలివేంద్రం దగ్గర నీళ్లు పోయొద్దని బిక్షపతికి చెప్పి వచ్చేసరికి ఎండ తగ్గింది. చావడి నిండా జనం. స్తంభానికి ద్వాళి. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. అద్దాల రవిక మీద దుమ్ము పేరుకుంది. నోరెండి పెదవులు పగిలాయి గానీ, తల దించలేదు. ఎదురుగా కుర్చీలో జగపతిరావు. తెల్లని ధోవతి, తెల్లని జుట్టు, నిటారుగా కూర్చున్న తీరు.

"యాడికి పోయినవ్ రా?" అన్నాడు కొడుకును చూసి.

"జనగామకు బాపు. డాక్టరమ్మ చూసింది." సుదర్శన్ తండ్రి కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మాకు పట్టింది బాణామతి గాదు. విషం. అది ద్వాళి పెట్టలేదు."

"మరెవరు పెట్టిండ్రు?"

సుదర్శన్ తండ్రి కళ్లలోకి చూడలేక ఆయన కాళ్లను చూస్తూ చెప్పేశాడు. "మన డ్రమ్ము బాపు. చలివేంద్రం డ్రమ్ము."

జగపతిరావు లేచాడు. ఆయన కోపం ఊరికి తెలుసు. కానీ ఈసారి కోపం కంటే ముందు ఇంకేదో వచ్చి ముఖం మీద నిలబడింది. "మా నాయిన పేరు రాసిన డ్రమ్ముల విషమా? దాహమయినోనికి నీళ్లు పోసే పుణ్యంల విషమా? ఈ లంబాడి పోరడు చెప్పమంటె చెప్తున్నవా?"

తావుర్యా ముందుకొచ్చి తలపాగా తీసేశాడు. జనంలో కేక లేచింది. అందరికంటే పెద్దగా అరిచింది ద్వాళి. ఆమెకు తెలియదు. పొద్దున్నుంచీ ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి కొడుకు నెత్తి చూసి, కట్టేసిన చేతులతోనే అతని వైపు గుంజుకుంది. "నా బిడ్డా! నీకెప్పుడయింది? నాకెందుకు చెప్పలే?"

"సొంత కొడుక్కు బాణామతి చేసుకుంటదా బాపు?" అన్నాడు సుదర్శన్. జనం వైపు తిరిగాడు. "వాలీబాల్ ఆడేటోళ్లందరు ఇటు రండ్రి. చేతులు సాపుండ్రి. గోర్లు చూసుకోండ్రి."

ఎవరూ కదలలేదు. కాసేపటికి గౌండ్ల కొమురెల్లి మొదట వచ్చాడు. తర్వాత దొర అన్నదమ్ముల పిల్లలు వచ్చారు. ద్వాళి కోసం తండా నుంచి వచ్చి దూరంగా నిలబడ్డ మోతీ, అమర్‌సింగ్ వచ్చారు. వరసగా నిలబడి, వెలుతురుకు అరచేతులు బోర్లించి పట్టారు. పొద్దు వాలి ఎండ ఏటవాలుగా ఆ వేళ్ల మీద పడింది.

అప్పుడు ఊరంతా చూసింది. అన్ని చేతుల మీదా, అన్ని వేళ్ల మీదా, ఒకే తెల్ల గీత. ఒకే ఎత్తున. కులం వేరు, ఇల్లు వేరు, మాట్లాడే భాష వేరు. ఆ గీత మాత్రం ఎవరికీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. ముసలమ్మలు దగ్గరికొచ్చి మనవళ్ల వేళ్లు పట్టుకుని చూసి, చీర చెంగు నోట్లో కుక్కుకున్నారు. రాళ్లు పట్టుకొచ్చినవాళ్లు ఎప్పుడు కింద పడేశారో వాళ్లకే తెలియదు. ఎవరో చేతులు జోడించారు. ఎవరికి జోడించారని అడిగితే చెప్పలేరు. నేను కూడా ఈ నాలుగు ముక్కలు రాస్తూ కలం ఆపి నా గోళ్లు చూసుకున్నాను.

ద్వాళి గొంతు పెగల్చుకుంది. "దొరా, నీ చెయ్యి గూడ చూపియ్యి."

అలా అడిగినవాళ్లు ఆ ఊళ్లో ఇంతవరకూ లేరు. జగపతిరావు కొట్టడానికన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన దాన్ని నెమ్మదిగా తన వైపు తిప్పుకుని చూసుకున్నాడు. గోళ్లు శుభ్రంగా, గులాబి రంగులో ఉన్నాయి. గీత లేదు. తండ్రి పేరు మీద పెట్టించిన ఆ నీళ్లు ఆయన ఒక్కనాడూ తాగలేదు.

పెద్దమనిషి కుర్చీలో కూలబడ్డాడు. కొడుకు నెత్తి చూశాడు, పిల్లల చేతులు చూశాడు. సుదర్శన్ దగ్గరికెళ్లి నేల మీద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్లలో తండ్రిని అతను అలా తాకింది అదే మొదలు. తండ్రి మీద కోపమంతా పోయింది.

"తెల్వక జరిగింది బాపు. డాక్టరమ్మ మందున్నదన్నది. డ్రమ్ము బోర్లేస్తె అయిపోతది."

"అయిపోదు రా," అన్నాడు జగపతిరావు. ఆ గొంతు ఎవరూ గుర్తుపట్టలేనంత చిన్నగా ఉంది. "వేలంల నేను ఒక్కటి తేలే. రెండు తెచ్చిన."

"రెండోది యాడున్నది?"

"సమితి ఎన్నికలొస్తున్నయి గదా… నర్మెట్టల గూడ మన పేరు వినపడాలె అనుకున్న. పొద్దున బండి మీద పంపిన. అంగడి నడుమల పెట్టి నింపమని చెప్పిన." ఆయన కొడుకు చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "దానికి సీలు నిన్ననే ఇప్పిచ్చిన. లోపట సున్నం చెంబెడు పేరుకుని ఉండె. నీళ్లు తేటగ ఉంటయి, కడగకుండ్రి అన్న. నేనే అన్న."

ఆ రోజు నర్మెట్ట అంగడి. చుట్టుపక్కల ఊళ్లన్నీ, తండాలన్నీ పిల్లాపాపలతో వచ్చి ఉంటాయి. ఎండపూటంతా కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ నీళ్ల కోసం వచ్చే వేళ ఇది. పొర పొరగా కరిగిన నీళ్లు తాగితేనే ఈ పిల్లలకు ఈ గతి పట్టింది. చెంబెడు పాషాణం పేరుకున్న డ్రమ్ములోంచి కడుపునిండా తాగినవాళ్లకు ఏమవుతుందో అందరికీ తెలిసిపోయింది. చావడిలో అంతమంది ఉన్నారు, దొర ఉన్నాడు, పంచాయితీ పెద్దలు ఉన్నారు, అందరూ ఉన్నచోటే నిలబడిపోయారు.

స్తంభం దగ్గర నుంచి ద్వాళి అరిచింది.

"ఏం చూస్తుండ్రు దొరా? నా పంచాయితీ మళ్ల పెట్టుకుందురు గని, నర్మెట్టకు ఉరుకుండ్రి! నా బిడ్డె దాని చంటిపిల్లను ఎత్తుకొని ఇయ్యాల అంగడికే పోయింది!"